తీగలు తెగిన వేళ మాట కలిపేదెవరు?

వరద జిల్లాలో హామ్ రేడియో క్లబ్‌పై ఆలోచనకు ఇదే అదను
రాజధాని అనుభవం కామారెడ్డి, ఎల్లారెడ్డిలకు పనికొచ్చేనా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి: 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కురిసిన కుండపోతను కామారెడ్డి జిల్లా ప్రజలు ఇప్పట్లో మరువలేరు. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వర్షం నమోదైంది. జిల్లా కేంద్రంలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 44వ జాతీయ రహదారి సైతం దెబ్బతిన్నది. ఎల్లారెడ్డి మండలం బొగ్గుగుడిసె వద్ద వరద నడుమ చిక్కుకున్న కూలీలను సహాయక బృందాలు ప్రాణాలతో బయటకు తెచ్చాయి. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు సామర్థ్యానికి మించిన ప్రవాహాన్ని మోస్తుంటే, నూరేళ్లు దాటిన ఆ కట్ట నిలుస్తుందా లేదా అన్న భయంతో దిగువ గ్రామాలు గడియలు లెక్కించాయి. కట్ట నిలిచింది.

వాన వెలిసింది. దారులు మరమ్మతుకు నోచుకున్నాయి. పరిహారం లెక్కలు మొదలయ్యాయి. అయితే ఆ రెండు రోజుల్లో ప్రతి ఇంటిలోనూ వినిపించిన ప్రశ్న ఒకటి మాత్రం చర్చకు రాకుండానే మరుగున పడింది. అవతలి ఊళ్లో ఉన్న మనవాళ్లు క్షేమమేనా, ఆ కబురు తెచ్చేదెవరు అన్నదే ఆ ప్రశ్న. ఇటువంటి వేళ ప్రపంచంలోని అనేక ప్రాంతాలలో సర్కారు జీతం తీసుకోని కొందరు అభిరుచిపరులు ఆ బాధ్యతను భుజాన వేసుకుంటున్నారు. వారినే హామ్‌లు అంటారు. వారు నెలకోసారి కలుసుకొని, ముచ్చటించుకొని, యాంటెన్నాలు కట్టుకొని విడిపోయే సంఘాలే హామ్ రేడియో క్లబ్‌లు. జిల్లా కేంద్రమైన కామారెడ్డికీ, రెవెన్యూ డివిజన్ కేంద్రమైన ఎల్లారెడ్డికీ అటువంటి క్లబ్ ఒకటి ఎందుకు అవసరమో, అది నిలదొక్కుకోవడానికి ఏమి కావాలో పరిశీలించడం సమంజసం.

సెల్ టవర్ గొలుసులో బలహీనమైన కొక్కెం

ఊరూరా సెల్ టవర్ ఉండగా ఈ పాత కాలపు రేడియో దేనికని అడిగేవారు లేకపోలేదు. ఆ సందేహం సహజమే. కానీ టవర్ ఒంటరిగా పని చేయదు. దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీలు కొన్ని గంటలు మోస్తాయి. అవి కూడా నీరసిస్తే జనరేటర్ నడవాలి, జనరేటర్‌కు డీజిల్ పోయాలి. డీజిల్ తెచ్చే బండికి రోడ్డు ఉండాలి. టవర్ నుంచి మాటలను మోసుకుపోయే ఆప్టికల్ ఫైబర్ తీగ తరచూ ఆ రోడ్డు పక్కనే, కల్వర్టుల మీదుగానే సాగుతుంది. కల్వర్టు కొట్టుకుపోతే తీగ కూడా పోతుంది. ఇన్నీ సవ్యంగా ఉన్నా, ఒకేసారి ఊరంతా ఫోన్ చేస్తే లైన్లు దొరకవు. అంటే వరద దెబ్బతీసే వస్తువులనే నమ్ముకొని ఫోన్ వ్యవస్థ నిలబడి ఉన్నదన్నమాట.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంపై విరుచుకుపడినపుడు ఇదే రుజువైంది. అంతటి మహానగరంలో కరెంటు, ఫోన్లు ఒకేసారి మూగబోయాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు కోల్పోగా, ఆ ఘోరం ఎంతటిదో బయటి లోకానికి తెలియడానికే సమయం పట్టింది. ఈ రెంటి మధ్య 37 ఏళ్లు గడిచాయి, సాంకేతికత ఎంతో మారింది. తీగ తెగితే మాట ఆగడం మాత్రం మారలేదు.

హామ్ కేంద్రం సంగతి వేరు. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, రెండు చెట్ల మధ్య కట్టిన ఒక తీగ. నడుమ మరెవరి ఆసరా అక్కరలేదు. అవతల కూడా అటువంటిదే మరొకటి ఉంటే చాలు, మాట కలుస్తుంది.

అండమాన్‌లో తెలిసిన విలువ

ఈ విషయంలో దేశం మొత్తానికి పాఠం చెప్పిన సంఘటనకు హైదరాబాద్‌తో సంబంధం ఉండటం విశేషం. 1983లో హైదరాబాద్‌లో ఏర్పాటైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌కు ఒక బృందాన్ని పంపింది. భద్రతా కారణాల వల్ల అండమాన్‌లో ఏళ్ల తరబడి హామ్ ప్రసారాలకు అనుమతి లేదు. ఎంతో ప్రయత్నం మీద లభించిన ఆ అనుమతితో ప్రపంచవ్యాప్త హామ్‌లకు అరుదైన అండమాన్ సంకేతాన్ని వినిపించడమే ఆ యాత్ర ఉద్దేశం. ఒక విధంగా అది సరదా యాత్ర. బృందానికి భారతి ప్రసాద్ నాయకత్వం వహించారు. దేశదేశాల హామ్‌లతో వేలాది సంభాషణలు సాగుతుండగా, డిసెంబరు 26 వేకువన భూకంపం, ఆ వెంటనే సునామీ సంభవించాయి.

ఆ క్షణం నుంచి ఆ సరదా కేంద్రమే ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య వంతెనగా మారింది. అప్పటిదాకా రికార్డుల కోసం మాట్లాడిన గొంతులు క్షేమ సమాచారాలు చేరవేయడం మొదలుపెట్టాయి. కార్ నికోబార్‌కు సైతం హామ్‌లు వెళ్లి అక్కడి వారి కబుర్లు అందించారు. ఇందులో గమనించదగినది ఒకటున్నది. సునామీ వస్తుందని తెలిసి ఎవరూ అక్కడకు సెట్లు తీసుకువెళ్లలేదు. అభిరుచితో వెళ్లినవారు చేతిలో సెట్టు, చెవిలో అలవాటు ఉన్నందువల్ల ఆపదలో అక్కరకు వచ్చారు. 1999 నాటి ఒడిశా పెను తుఫానులో, 2001 నాటి గుజరాత్ భూకంపంలో హామ్‌లు చేసిన సేవకు కూడా ఇదే మూలం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2012లో వెలువరించిన సమాచార వ్యవస్థ మార్గదర్శకాలలో హామ్ రేడియోకు చోటు దక్కడం వెనుక ఈ అనుభవాలన్నీ ఉన్నాయి.

నెలకోసారి కూడితే ఏమి జరుగుతుంది?

ప్రభుత్వ యంత్రాంగం సాధారణంగా ఈ మూలాన్నే విస్మరిస్తుంది. సెట్లు కొంటే సరిపోతుందని భావిస్తుంది. కొన్న సెట్లు బీరువాలో చేరతాయి, బ్యాటరీలు చచ్చిపోతాయి, తాళం చెవి ఎవరి వద్ద ఉన్నదో అవసరమైన రోజున తెలియదు. అదే క్లబ్ ఉంటే ఆ సెట్టును వారం వారం ఎవరో ఒకరు మీటుతూనే ఉంటారు. అత్యవసర సేవకు అవసరమైన కవాతు మొత్తం సరదా పేరిట జరిగిపోతుంది.

లామకాన్ అమెచ్యూర్ రేడియో క్లబ్ ఇందుకు దగ్గరి ఉదాహరణ. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో ప్రారంభమైన లామకాన్ సాంస్కృతిక వేదిక నీడన ఇది పుట్టింది. నాటకాలు, సంగీత సభలు, చర్చలు జరిగే ప్రాంగణమది. అక్కడి చాయ్, సమోసాల మధ్య సోల్డరింగ్ ఐరన్ పొగ కూడా కలిసింది. లైసెన్సు పరీక్షకు శిక్షణ ఇవ్వడం, నెలవారీగా కలుసుకోవడం, యాంటెన్నాలు తయారు చేయడం, ఆరుబయట సెట్లు నెలకొల్పడం వంటి కార్యక్రమాలు ఈ క్లబ్ చేపడుతూ వచ్చింది. లామకాన్ వ్యవస్థాపకులలో ఒకరైన అష్హర్ ఫర్హాన్ స్వయంగా హామ్. వీయూ2ఈఎస్ఈ అనే సంకేతంతో ఆయన ప్రపంచ హామ్‌లందరికీ సుపరిచితుడు.

ఆయన పేరు చెప్పగానే బిట్‌ఎక్స్ గుర్తుకు రావాలి. విదేశీ సెట్ల ధర మన దేశపు విద్యార్థికి అందని రోజుల్లో, బజారులో దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతో తయారు చేసుకోదగిన సెట్టును ఆయన రూపొందించారు. కాయిళ్లు చుట్టడానికి ప్రత్యేకమైన విడిభాగాలు దొరకకపోతే కుళాయిలో వేసే వాషర్లపైనే తీగ చుట్టుకోవచ్చని చూపించారు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే వాషరు రేడియోలో భాగం కావడం ఎంత ముచ్చట! ఆ నమూనాను దేశదేశాల హామ్‌లు ఇంటివద్ద తయారు చేసుకున్నారు. తర్వాత బిట్‌ఎక్స్ 40, మైక్రో బిట్‌ఎక్స్ పేర్లతో వచ్చిన కిట్లకు హైదరాబాద్‌లోని మహిళలే కాయిళ్లు చుట్టారు, బోర్డులు సిద్ధం చేశారు. బీడీలు చుట్టే చేతులు వేలాదిగా ఉన్న ఉమ్మడి నిజామాబాద్ ప్రాంతానికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. సన్నని తీగను లెక్క తప్పకుండా చుట్టే నేర్పు ఇక్కడ కొరత కాదు.

క్లబ్‌ల నెలవారీ జీవనం ఎలా ఉంటుందో తెలియనివారికి కొంత వివరం అవసరం. వారమంతా గాలిలో మాట్లాడుకున్నవారు ఆదివారం నాడు ఒకచోట ముఖాముఖి కలుస్తారు. దీనిని హామ్‌ల పరిభాషలో ఐబాల్ అంటారు. కొందరు ఏళ్ల తరబడి గొంతు మాత్రమే ఎరిగిన మిత్రుని మొహం అప్పుడే చూస్తారు. దూర దేశాల హామ్‌లు సంభాషణకు రుజువుగా పంపే క్యూఎస్ఎల్ కార్డులను ఒకరికొకరు చూపించుకుంటారు. ఆ కార్డులు పూర్వం రేడియో సిలోన్‌కు ఉత్తరాలు రాసి, తమ పేరు వినపడగానే మురిసిపోయిన మన శ్రోతల ఉత్సాహాన్ని గుర్తుకు తెస్తాయి. చెడిన సెట్టు విప్పి పెట్టుకొని ఒకరు, మోర్స్ కోడ్ చుక్క గీతలు సాధన చేస్తూ మరొకరు, సమోసాలకు చందా లెక్క చూసేవారు ఇంకొకరు కనిపిస్తారు.

వీటిలో ఫాక్స్ హంట్ అనే ఆట కుటుంబాలతో సహా అందరినీ ఆకర్షిస్తుంది. చిన్న ప్రసార యంత్రాన్ని ఎక్కడో పొదలోనో, పాడుబడిన గోడ వెనుకో దాచిపెడతారు. జట్లు చేతి యాంటెన్నాలు పట్టుకొని, సంకేతం ఏ దిక్కున బలంగా వినిపిస్తున్నదో గమనిస్తూ దానిని వెదికి పట్టుకోవాలి. పిల్లలకు ఇది దాగుడుమూతలు, పెద్దలకు దిక్కు కనిపెట్టే శాస్త్రం. ఇక ఫీల్డ్ డే నాడు కరెంటు లేని గుట్ట మీదకో, చెరువు గట్టు మీదకో సెట్లు మోసుకెళ్లి, తీగ కట్టి, బ్యాటరీపై ఇరవై నాలుగు గంటలు కేంద్రం నడుపుతారు. వరద నాడు చేయవలసిన పని సరిగ్గా ఇదే. కామారెడ్డి జిల్లాలో ఇందుకు అనువైన చోట్లకు కొదవ లేదు. జుక్కల్ మండలంలోని కౌలాస్ కోట గుట్ట, పోచారం, నిజాంసాగర్ పరిసరాలు, దోమకొండ గడికోట చాలు. అటవీ, పురావస్తు శాఖల అనుమతులు, యజమానుల సమ్మతి మాత్రం ముందుగా తీసుకోవాలి.

దొర, పటేల్, సార్ లేని చోటు

హామ్‌ల సంఘజీవనంలో ఒక ఆచారం ఈ ప్రాంతపు పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. గాలిలో కలిసిన ప్రతి పురుషుడూ ఓఎమ్. ఆంగ్లంలో ముసలాయన అని అర్థం. పన్నెండేళ్ల బాలుడు, డెబ్బయ్యేళ్ల విశ్రాంత ఇంజినీరు ఇద్దరూ ఓఎమ్‌లే. స్త్రీ ఏ వయసువారైనా వైఎల్, అంటే పడుచు అమ్మాయి. వీడ్కోలు పలికేటపుడు 73 అంటారు. శుభాకాంక్షలు అని దాని భావం. రాజీవ్ గాంధీకి వీయూ2ఆర్‌జీ అనే సంకేతం ఉండేది. సంభాషణలో ఆయన కూడా ఒక సంకేతమే, ఒక పేరే. పిలుపులోనే ఎదుటివాని కులం, భూమి, ఉద్యోగం తూచే అలవాటు ఇంకా పూర్తిగా పోని పల్లెల్లో, గొంతు తప్ప మరేదీ కనిపించని ఈ వేదిక కొత్త అనుభవమే అవుతుంది. అయితే క్లబ్‌లో మహిళలు స్వల్పంగానే కనిపించడం ఎక్కడైనా ఉన్న లోపం. రెండు జిల్లాల అవతలికి గొంతు పంపగల అమ్మాయిని నెలకోసారి పట్నానికి పంపడానికి ఇల్లు సిద్ధపడదు. క్లబ్ ఎల్లారెడ్డిలో కూడా కూడాలనడానికి ఇదొక్క కారణమే చాలు.

నలభై కిలోమీటర్ల చిక్కు

కామారెడ్డి, ఎల్లారెడ్డిల మధ్య రోడ్డు దూరం సుమారు 40 కిలోమీటర్లు. పటం మీద గీత గీస్తే 35 కిలోమీటర్ల పైచిలుకు. ఈ దూరాన్ని దాటించడం వినడానికి తేలికగా ఉన్నా చిక్కుతో కూడినదే. చేతిలో ఇమిడే వాకీటాకీ వంటి సెట్లు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య పని చేస్తాయి. ఆ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే పోతాయి. నేలపై నిలబడిన ఇద్దరి మధ్య చదునైన బయలులో సైతం పది కిలోమీటర్లు దాటవు. ఇళ్లు, చెట్ల నడుమ మూడు నాలుగు కిలోమీటర్లు దక్కితే గొప్ప. రెండు వైపులా 30 మీటర్ల ఎత్తున యాంటెన్నాలు నిలిపితే కాగితంపై 45 కిలోమీటర్లు వస్తుంది కానీ, నడుమ లింగంపేట వైపు గుట్టలు, అడవి ఆ లెక్కను తారుమారు చేస్తాయి. ఎత్తైన చోట రిపీటర్ అనే తిరుగు ప్రసార యంత్రాన్ని నెలకొల్పితే సమస్య తీరుతుంది. కానీ రిపీటర్‌కు ప్రత్యేక అనుమతి కావాలి, కరెంటు కావాలి, కాపలా కావాలి. టవర్‌కు చెప్పిన బలహీనతలే దానికీ కొంతవరకు వర్తిస్తాయి.

పరిష్కారం మరోవైపున ఉన్నది. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని 40 మీటర్ల బ్యాండ్‌పై తరంగాన్ని నేరుగా ఆకాశంలోకి పంపితే, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోస్ఫియర్ దానిని తిరిగి నేలకు దింపుతుంది. గొడుగు మీద పోసిన నీరు చుట్టూ పడినట్లు ఆ సంకేతం చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర వాలుతుంది. మధ్యలో గుట్ట ఉన్నా, అడవి ఉన్నా అడ్డు కాదు. దీనికి ఆకాశమంటే స్తంభం సైతం అక్కరలేదు. సుమారు 20 మీటర్ల రాగి తీగను నడిమికి తెంచి, రెండు వేపచెట్ల మధ్య ఐదారు మీటర్ల ఎత్తున కట్టి, నడుమ నుంచి కేబుల్ దింపితే సరి. ఎత్తు తక్కువగా ఉండటమే ఇక్కడ మేలు. పగటి వేళ ఈ బ్యాండ్‌పై ఎల్లారెడ్డి, కామారెడ్డి, హైదరాబాద్ మూడూ ఒకే గదిలో ఉన్నట్లు మాట్లాడుకోవచ్చు. చీకటి పడితే పరిస్థితి మారుతుంది. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి దిగాలి, తీగ పొడవు రెట్టింపు కావాలి. ఏ వేళకు ఏ బ్యాండ్ పనికివస్తుందో పుస్తకం కొంతే చెబుతుంది. రోజూ ఉదయం మాట్లాడుకునేవారికే అది వంటబడుతుంది. హైదరాబాద్ హామ్‌ల చార్మినార్ నెట్ వంటి దైనందిన కూటముల ప్రయోజనం ఇదే. ఎవరి సంకేతం ఎలా వినిపిస్తున్నదో హాజరు పట్టీ వేసినట్లు నమోదు చేసుకుంటారు. హాజరు పలకని వానిని మరునాడు పలకరిస్తారు.

అడ్డంకులు తక్కువ కాదు

హామ్ కావడానికి కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరిధిలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణత పొందాలి. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నియమాలు, వాటి సవరణల ప్రకారం 12 ఏళ్లు నిండినవారు అర్హులు. విద్యుత్తు, రేడియో సూత్రాలు, నియమ నిబంధనలు పాఠ్యాంశాలు. మోర్స్ కోడ్ రానివారికి రెస్ట్రిక్టెడ్ తరగతి, నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ సాధించినవారికి జనరల్ తరగతి లభిస్తాయి. దరఖాస్తు సరళ్ సంచార్ ద్వారా ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ఇంటర్‌లో భౌతికశాస్త్రం చదివినవారికి పాఠాలు కొరుకుడుపడనివి కావు. పుస్తకాలు, ప్రశ్నలు ఆంగ్లంలో ఉండటమే పల్లె విద్యార్థిని జంకిస్తుంది. ఓమ్ సూత్రం తెలుగులో చక్కగా వివరించగల విద్యార్థి, ఆంగ్ల ప్రశ్నను చూసి తడబడటం మన కళాశాలల్లో రోజూ కనిపించే దృశ్యమే.

పరీక్ష గట్టెక్కినంత మాత్రాన లైసెన్సు చేతికి రాదు. పోలీసు విచారణ పూర్తి కావాలి. ఇందుకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఉత్సాహం చల్లారిపోయేంత కాలం పడుతుంది. భద్రత దృష్ట్యా విచారణ ఉండవలసిందే. నక్సలైట్ల కార్యకలాపాలు, ఎదురుకాల్పులు చవిచూసిన ప్రాంతమిది. వైర్‌లెస్ సెట్టు అంటే ఠాణా గుర్తుకువచ్చిన తరం ఇంకా ఉన్నది. ఇంటి మీద వింత యాంటెన్నా కనిపిస్తే ఇరుగుపొరుగు అనుమానించడం వింత కాదు. అందుకే క్లబ్ తొలి పని ఠాణాకు వెళ్లి తమ గురించి తామే చెప్పుకోవడం. లైసెన్సుదారుల జాబితా పోలీసుల వద్ద ఉంటే, ఆపద వేళ పిలుపు కూడా అక్కడి నుంచే వస్తుంది.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం మరొకటి ఉన్నది. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిన చైనా వాకీటాకీలను పెళ్లి ఊరేగింపులకు, క్రషర్లకు, కాపలాకు వాడేవారు పెరిగారు. లైసెన్సు లేకుండా హామ్ బ్యాండ్‌లలో ప్రసారం చేయడం నేరం. ఇటువంటి సెట్ల అక్రమ అమ్మకాలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులు ఇవ్వడమే కాక, ప్రత్యేక మార్గదర్శకాలను కూడా జారీ చేసింది. కొన్నవారిలో ఎక్కువమందికి అది తప్పని తెలియదు. లైసెన్సు లేని కుతూహలాన్ని లైసెన్సు ఉన్న అభిరుచిగా మలచడానికి క్లబ్‌కు మించిన సాధనం లేదు.

హామ్ రేడియోను సామాజిక రేడియోతో పొరబడటం కూడా పరిపాటి. 2008లో జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రారంభించిన సంగం రేడియో సామాజిక రేడియో. అది ప్రజలకు కార్యక్రమాలు వినిపిస్తుంది. హామ్ రేడియోలో కార్యక్రమాలు, పాటలు, వ్యాపార సంభాషణలు, ప్రకటనలు నిషిద్ధం. లైసెన్సు ఉన్న ఇద్దరి మధ్య స్వీయ శిక్షణ కోసం సాగే సంభాషణ మాత్రమే అది. ఈ తేడా తెలియక ఎవరైనా తమ సెట్టులో మక్క ధర, రాజకీయ ప్రసంగం వినిపిస్తే లైసెన్సుకే ఎసరు వస్తుంది.

ఎవరు ముందుకు రావాలి?

విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు. పోలీసులకు సొంత వైర్‌లెస్ ఉన్నది కదా అని అధికారులు అనవచ్చు. ఉన్నది, వరద రోజుల్లో అది ఎంతో అక్కరకు వస్తుంది కూడా. కానీ పోలీసు తరంగంపై పోలీసు ఆదేశాలే నడుస్తాయి, నడవాలి. నాగిరెడ్డిపేటలోని తల్లికి హైదరాబాద్‌లో ఉన్న కొడుకు క్షేమమని చెప్పడానికి ఆ తరంగంలో చోటుండదు. ఆ చిన్న కబురుకు చోటు ఇచ్చేది హామ్‌లే. సాధారణ రోజుల్లో మూడో వ్యక్తి సందేశాలు మోయడానికి హామ్‌లకు పరిమితులు ఉన్నా, విపత్తు వేళ ప్రభుత్వ సూచనలకు లోబడి ఆ సేవ చేయవచ్చు.

యంత్రాంగం చేయదగిన సాయం పెద్దది కాదు. కామారెడ్డిలో ఒక గది, ఎల్లారెడ్డిలో ఒక గది, వాటి పైకప్పుపై తీగ కట్టుకునే అనుమతి. సంవత్సరానికోసారి జరిగే విపత్తు విన్యాసంలో ఒక కుర్చీ. భవనం కట్టి, శిలాఫలకం వేసి, కేంద్రం అని పేరు పెట్టి తాళం వేసే సంప్రదాయం ఈ విషయంలోనైనా పాటించకుండా ఉంటే మేలు. భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం, కామారెడ్డిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నాయి. భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు లైసెన్సు పొందితే, ఆయన వెనుక ఏటా పదిమంది విద్యార్థులు వస్తారు. అధ్యాపకుడు బదిలీ కాగానే క్లబ్ మూతపడటం మరో ప్రమాదం. కనుక ఊరిలో స్థిరంగా ఉండే టీవీ మెకానిక్‌లు, విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగులు, కరెంటు పని చేసేవారు సభ్యులుగా ఉండటం అవసరం. నిజం చెప్పాలంటే, సెట్టు పాడైన రోజున క్లబ్‌ను నిలబెట్టేది వారే.

విద్యార్థులను రప్పించడానికి అంతరిక్షం ఒక మంచి ఎర. 2005 మే 5న ఇస్రో హామ్‌ల కోసమే హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని పీఎస్ఎల్‌వీ ద్వారా కక్ష్యలోకి పంపింది. అది 2014 వరకు పని చేసింది. 2025 జులైలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి శుభాంశు శుక్లా మన దేశపు విద్యార్థులతో మాట్లాడింది హామ్ రేడియో మీదుగానే. ఆ కేంద్రం నెత్తి మీదుగా పోయే పది నిమిషాలలో, 145.8 మెగాహెర్ట్జ్‌పై దాని గొంతును ఎల్లారెడ్డి బడి మైదానంలో నిలబడి వినడానికి ఒక చిన్న సెట్టు, ఇంచు టేపు ముక్కలతో చేసిన యాంటెన్నా చాలు. అక్టోబరులో స్కౌట్లు ప్రపంచవ్యాప్తంగా జరుపుకొనే గాలి జాంబోరీలో పాల్గొనడం మరొక దారి.

ఖర్చు విషయంలో భయపడవలసిన పని లేదు. పది మంది కలిస్తే ఒక మంచి సెట్టు కొనగలరు. ట్రాక్టర్ బ్యాటరీ ఏ ఊరిలోనైనా దొరుకుతుంది. తీగ, వెదురు బొంగులు మన వద్దే ఉన్నాయి. లేనిది కాలమే. శిక్షణకు రెండు మూడు నెలలు, పరీక్షకు హైదరాబాద్ ప్రయాణం, ఆపై విచారణ, లైసెన్సు, ఆపై సెట్టుతో సావాసం కుదరడానికి మరికొన్ని నెలలు పోతాయి. తొలకరి నాటికి ఎల్లారెడ్డి గొంతు కామారెడ్డిలో వినిపించాలంటే మృగశిర కార్తెలో దరఖాస్తు చేస్తే కుదరదు. అంతకు ముందటి దసరా, దీపావళి నాటికే పేర్లు నమోదు కావాలి.